నేస్తానికి పరిచిన చాప

గాజువాక,
ఆగస్టు 22, 1987

తమ్ముడు గవర్రాజుకి,

ఉత్తరం మొదట్లో ఇక్కడంతా క్షేమం అని రాయమంటాడు మీ బావ. చెయ్యి రావడం లేదు. నువ్వు సముద్రం అవతల తుపాకుల మధ్య ఉన్నావు, నేను ఇక్కడ కర్రల మధ్య ఉన్నాను. అందుకని ఆ మాట ఎగ్గొట్టి అసలు సంగతిలోకి వస్తున్నాను.

ఒప్పందం కుదిరిందనీ, మన సైన్యం లంకలో ఎదురుతిరిగిన అరవ కుర్రాళ్ళ చేత తుపాకులు కింద పెట్టిస్తుందనీ రేడియోలో చెప్పారు. మద్రాసులో ఉద్యోగం చేసినప్పుడు నీకు అరవం పట్టుబడింది కాబట్టి మాటలు మార్చి చెప్పడానికి నిన్ను మేజరు పక్కన కూర్చోబెట్టారని నువ్వు రాసిన కార్డు మన వీధంతా తిరిగింది. "లంకకి మనోడే రాయబారి" అని టీ కొట్టు సన్యాసిరాజు వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. నాకూ గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి?

అలాంటి రాయబారం ఒకటి నాకిక్కడ కావాలి.

స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయించి మన వెలగవాడ వాళ్ళనీ, పక్క ఊరు కొండపాలెం వాళ్ళనీ ఒకే కాలనీలో, ఒకే రోడ్డుకి చెరో వరసలో పడేశారు కదా. ప్లాంటుకొచ్చే సిమెంటు లారీలు దించే పని ఏ వరస జట్టుదన్న దగ్గర తగవు మొదలైంది. మొన్న వేసవిలో మనవాళ్ళు ఆ వరస కుర్రాడి చెయ్యి విరిచారు. వాళ్ళొచ్చి మనవాళ్ళ పాక తగలబెట్టారు. ఇప్పుడు కొళాయి దగ్గర ఆడవాళ్ళు కూడా బిందెలు విసురుకుంటున్నారు.

నిన్న ఇల్లు తుడుస్తూ సత్యం మంచం కిందికి చీపురు పోనిస్తే ఖంగుమంది. గోనె పట్టా తీసి చూద్దును కదా, ఇనప చువ్వలు. కొసలు ఈటెల్లా అరగదీసి ఉన్నాయి.

"ఏట్రా ఇయ్యి?" అన్నాను.

"ఆలు మీదికొత్తే మరి? సేతులు కట్టుకుని కూకోమంతావేటి?" అన్నాడు నీ మేనల్లుడు, అన్నం కలుపుకుంటూ.

నిర్వాసితుల కోటాలో వాడికి ప్లాంటులో ఉద్యోగం వచ్చేలా ఉంది. పోలీసు కేసు ఒక్కటి పడిందంటే అది గంగలో కలిసినట్టే. ఉద్యోగం సంగతి పోనీ. ఆ చువ్వ ఎవరి కడుపులోనైనా దిగితే? వాడి కడుపులోనే దిగితే? రాత్రంతా ఇదే ఆలోచన నాకు.

ఆ వరస కుర్రాళ్ళకి పెద్ద ఎవడో తెలుసా, జోగులు. నా నేస్తం కొడుకు. నేస్తం పేరు పలకకూడదు కాబట్టి రాయను కూడా రాయను, నువ్వెరుగుదువు. అసిరమ్మ పండక్కి అమ్మ మా ఇద్దరి చేతా నేస్తం కట్టించినప్పుడు నువ్వింకా పాకుతున్నావు. కొత్త గుడ్డలు మార్చుకున్నాం, ఒకే ఆకులో తిన్నాం. ఆమె మరిది తల మనవాళ్ళు పగలగొట్టినప్పటి నుంచీ నా వైపు చూడదు. నేనూ తగ్గలేదు, చూడను.

పగబట్టిన వాళ్ళ చేత ఆయుధాలు ఎలా కింద పెట్టిస్తారో రోజూ చూస్తున్నావు కదా. నాకు అర్థమయ్యేట్టు రాయి.

నీ అప్ప,
నాగమణి

*

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
సెప్టెంబరు 4

అప్పకి నమస్కారాలు.

ఊరి పేరు రాయకూడదు. రాస్తే మధ్యలో ఎవరో చదివి నల్ల సిరా పూసేస్తారు. సముద్రం ఉంది, కొబ్బరి చెట్లున్నాయి, ఎండుచేపల వాసన ఉంది. కళ్ళు మూసుకుంటే అచ్చం మన భీమిలి రోడ్డు. బావ ఈ ఉత్తరం అరుగు మీద చదువుతాడని నాకు తెలుసు, కాస్త గొంతు పెంచి చదవమను. ఇది రాయబారి ఉత్తరం!

మన దేశమూ ఈ దేశమూ ఇరుగూపొరుగూ. పొరుగింటి తగవు తీర్చడానికి వచ్చిన పెద్దమనిషిని ఇంటాయనా నమ్మడు, ఎదురుతిరిగిన కొడుకూ నమ్మడు. మాదీ అదే పరిస్థితి. "ముందు వాళ్ళని తుపాకులు పెట్టమనండి" అంటారు ప్రభుత్వం వాళ్ళు. "ముందు వాళ్ళ సిపాయిల్ని బడుల్లోంచి లేచిపొమ్మనండి" అంటారు కుర్రాళ్ళు. మేజరుగారు ఇంగ్లీషులో చాంతాడంత మాట అంటారు, నేను దాన్ని అరవంలో కురచ చేస్తాను. వాళ్ళు కోపంగా ఒక ముక్క అంటారు, నేను దానికి మర్యాద తొడిగి పొడుగు చేస్తాను. రాయబారం అంటే ఇంతే అప్పా, మధ్యలో దర్జీ పని.

చివరికి ఒక రోజు ఖాయం చేశారు. బడి ఆవరణలో బల్లలు వేసి దుప్పట్లు పరిచాం. కుర్రాళ్ళు జీపుల్లో వచ్చి తుపాకులు వరసగా పేర్చారు. ఫోటోలు తీశారు, కరచాలనాలు అయ్యాయి. నేను దగ్గరికెళ్ళి చూశాను. నవ్వాగలేదు. సగం వాటికి తుప్పు. ఒకదానికి ట్రిగ్గరే లేదు, ఇంకోదాని చెక్క మడమని చెదలు తినేసింది. రోజూ పట్టే తుపాకీకి అరచెయ్యి ఆనేచోట నిగనిగ ఉంటుంది, అలాంటిది ఒక్కటీ కనబడలేదు. సన్న మీసం కుర్రాడొకడు, వాళ్ళ నాయకుడి వెంట ఉంటాడు, మన సత్యం ఈడు, నా దగ్గర బిస్కట్లు తీసుకుంటూ నా చెవిలో అన్నాడు: "అన్నా, ఇవి మా తాతల నాటివి. తాతలు లొంగిపోయారని రాసుకోండి." పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం ఇద్దరం. మేజరుగారికి చెబితే ఆయనా నవ్వి, "మొదలంటూ పడింది కదా" అన్నారు.

నీ సంగతికొస్తే, ఎవరు ముందు అన్న పేచీ రాకుండా ఇద్దరి చేతా ఒకే వేళకి, ఒకే చోట పెట్టించు. రెండు ఊళ్ళ అమ్మవార్లూ కాలనీలో పక్కపక్కనే ఉన్నారు కదా, ఆ గుడి ముందు పెట్టించు. స్టేషన్ నుంచి ఎస్సైని పిలు. జోగులుని చిన్నప్పుడు నేను ఎత్తుకుని ఆడించాను. నీ నేస్తం వరహాలమ్మ అప్పతో ముందు నువ్వు మాట్లాడు. పట్టుదలలో మీరిద్దరూ ఒకరికొకరు తీసిపోరు.

తమ్ముడు,
గవర్రాజు

*

గాజువాక,
సెప్టెంబరు 21

రాయబారిగారికి,

నీ నోరు పడిపోను. నీ ఉత్తరం కొంప ముంచింది.

అది వచ్చిన సాయంత్రం మీ బావ ఎప్పటిలాగే అరుగు మీద నిలబడి చదివాడు. మిలిటరీ ఉత్తరం వస్తే ఇంట్లో దాచుకుని చదువుకోవడం మన వంశంలో లేదు కదా! మన వరస మొత్తం వచ్చింది. ఆ వరసలో చలమయ్య తాత, మరికొందరు, రోడ్డవతల నిలబడి విన్నారు. తుప్పు సంగతి, చెదల సంగతి, తాతలు లొంగిపోయిన సంగతి మీ బావ గొంతు మార్చి మరీ చదివాడు. ఒకటే నవ్వులు. రెండు వరసలూ కలిసి నవ్వడం ఇన్నాళ్ళలో అదే మొదటిసారి. పిచ్చిదాన్ని, సంబరపడిపోయాను.

పెద్దవాళ్ళు చకచకా కూడారు. ఆదివారం గుడి ముందు పెట్టేద్దామన్నారు. కుర్రాళ్ళు ఒక్కడూ ఎదురు చెప్పలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? ఎస్సై వచ్చాడు, కొబ్బరికాయ కొట్టారు, రెండు వరసల వాళ్ళూ ఒకేసారి తెచ్చి రెండు కుప్పలు పోశారు. ఎస్సై అందరికీ దండం పెట్టి కూల్‌డ్రింకు తాగి వెళ్ళిపోయాడు.

పసుపు చల్లడానికి దగ్గరికెళ్ళి చూశాను. మన కుప్పలో విరిగిన మంచంకోడు, మొండి కొడవళ్ళు, నాన్న అడివిపందుల కోసం ఉంచిన పిడి లేని ఈటె. అది మా అటక మీద ఉండాల్సింది! వాళ్ళ కుప్పలో పడవ తెడ్డు ముక్కలు, వంకర గునపం, ఒక సైకిలు గొలుసు. కొస అరగదీసిన చువ్వ ఒక్కటంటే ఒక్కటి లేదు. తల ఎత్తితే అవతలి కుప్ప దగ్గర నా నేస్తం కూడా పసుపు పళ్ళెం పట్టుకుని వంగి చూస్తోంది. కళ్ళు కలిశాయి. వెంటనే తిప్పేసుకుంది. దానికీ తెలిసిపోయింది.

ఇంటికొచ్చి సత్యాన్ని నిలదీశాను. "మంచియ్యి ఏయిరా?"

"మామే రాసినాడు కదేటి, ఎలా ఇయ్యాలో" అని నవ్వాడు.

విన్నావా? నేను వైద్యం అడిగితే నువ్వు రోగం రాసి పంపావు. నిన్ను తిట్టి ఏం లాభం, చదివించింది మేం కదా. కానీ మనసు అస్సలు కుదురుగా లేదు. వాళ్ళు ఇచ్చినవి ఉత్తివని మనవాళ్ళకి తెలుసు, మనవి ఉత్తివని వాళ్ళకి తెలుసు. ఇదివరకు పగ ఒక్కటే ఉండేది, ఇప్పుడు ఎకసెక్కం కూడా తోడయింది. కొళాయి దగ్గర "తాతలు బాగున్నారా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు.

నువ్వు మాత్రం ఆ బిస్కట్ల కుర్రాడి దగ్గర జాగ్రత్తగా ఉండు. నాకు వాడి నవ్వు నచ్చలేదు.

అప్ప

*

మద్రాసు,
నవంబరు 2

అప్పకి,

సామాన్ల పని మీద కొన్నాళ్ళకి మద్రాసు వచ్చాను. చేతికి గడ్డ లేచింది, అందుకని పక్కవాడు కనకరత్నం చేత రాయిస్తున్నాను. అమలాపురం కుర్రాడు, దస్తూరీ బాగుంటుంది. కంగారు పడకు.

ఈ ఉత్తరం అరుగు మీద చదవొద్దని బావకి చెప్పు.

మాటలు తెగిపోయాయి. పేపర్లో చూసే ఉంటారు. మేం ఎవరి మధ్య నిలబడటానికి వెళ్ళామో వాళ్ళతోనే మాకు యుద్ధం వచ్చింది. బల్ల మీద పెట్టనివన్నీ బయటికొచ్చాయి. నిగనిగలాడుతున్నాయి అప్పా.

గేటు దగ్గరికి ఒక ముసలమ్మ రోజూ వచ్చేది. సన్న మీసం కుర్రాడి తల్లి. "నా కొడుక్కి చెప్పండయ్యా, నా మాట వినడు" అనేది. నేను మేజరుగారికి చెప్పేవాణ్ణి. ఆయన "పాపం" అనేవారు. ఎన్ని తుపాకులు, ఎక్కడున్నాయి అని అందరినీ అడిగాం, ఆవిడనొక్కదాన్నే అడగలేదు. ఆవిడ పడుకునే ఇంట్లోనే అటక మీద ఉన్నాయట. ఆ కుర్రాడు ఇప్పుడు లేడు. అది నేను చూశాను. ఇంకేమీ అడక్కు.

సత్యం ఎలా ఉన్నాడు? ఆ చువ్వలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయా?

గవర్రాజు

*

కొండపాలెం వరస,
గాజువాక,
నవంబరు 23

తమ్ముడూ,

పైన చిరునామా చూసి తప్పు రాశాననుకోకు. నేనిప్పుడు ఉంటున్నది నా నేస్తం ఇంట్లో.

ముందు నీ సంగతి తేల్చు. గడ్డ లేస్తే అక్షరాలు వంకర పోతాయి గానీ మనిషి మాటే మారిపోతుందా? నీ ఉత్తరంలో ఒక్క ఎగతాళి లేదు. ఏదో దాస్తున్నావు. నాకు తిండి సయించడం లేదు.

నువ్వు చెప్పినట్టే మీ బావ అది అరుగు మీద చదవలేదు. వంటింట్లో నాకొక్కదానికే చదివాడు. ఆ ముసలమ్మ దగ్గరికొచ్చేసరికి లేచి వెళ్ళి సత్యం మంచం కింద చూశాను, చువ్వలు అలాగే ఉన్నాయి. అదే వారం మళ్ళీ లారీల దగ్గర కొట్టుకున్నారు. శుక్రవారం సంత అయ్యాక తేల్చుకుందామని కుర్రాళ్ళు మాటలు విసురుకున్నారు. పోలీసులకి చెబుదామంటే పుట్టేది సత్యం మీద కేసే. చువ్వలు బావిలో పారేద్దామంటే మీ బావ, "ప్లాంటు యార్డులో ఇనుముకి కొదవేటి? రేపు మళ్ళీ తెత్తారు" అన్నాడు. అదీ నిజమే.

గురువారం పొద్దున్న పొయ్యి ఆర్పేశాను. ఒక తలగడ, రెండు చీరలు, చుట్టల కట్ట పట్టుకుని రోడ్డు దాటాను. రెండు వరసల వాళ్ళూ గుమ్మాల్లోకి వచ్చి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేస్తం వాకిట్లో చేపలు తోముతోంది.

"ఏటిలాగొచ్చినావు?" అంది, తల ఎత్తకుండా.

"నేస్తం ఇంటికి రాడానికి బొట్టెట్టి పిలవాలేటి?" అన్నాను.

కాసేపు చేప తోముతూనే ఉంది. తోమిందే తోముతోంది. తర్వాత చేతులు కడుక్కుని లోపలికెళ్ళి చాప తెచ్చి పరిచింది. నేస్తం వస్తే చాప పరచకుండా ఉండటానికి వీల్లేదు కదా, ఎంత పగైనా. నేను కూర్చున్నాను. అది నా పక్కన కూర్చుని ముక్కు చీదింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, నా దగ్గరి చుట్ట ఒకటి తీసుకుని ముట్టించి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చింది. దాని అలవాటు మారలేదు.

జోగులు వచ్చి అంతెత్తున లేచాడు. "ఏటమ్మా ఇది? ఆల్ల మనిసి మనింట్లో ఏటి?"

"నా నేస్తంరా. నీకు అమ్మ వరస. నిలబడి సూత్తావేటి, తాగడానికి నీల్లట్టుకురా" అంది.

తెచ్చాడు తమ్ముడూ. మొహం మాడ్చుకునే తెచ్చాడు.

సాయంత్రం సత్యం రోడ్డు మీద నిలబడి అరిచాడు. "అమ్మా! పరువు తీత్తన్నావ్. ఇంటికొచ్చీ!"

"రాను. రేపు మీరొచ్చి ఈ ఇంటి మీద పడతారంట కదా. ముందు గుమ్మంలో నానుంతాను" అన్నాను.

అప్పుడు నా నేస్తం లేచింది. "నువ్వు ఇక్కడుంటే మీవోలు రారు. మావోలు ఎల్లకుండా ఎవులాపుతారు?" అని తన తలగడ చంకన పెట్టుకుని రోడ్డు దాటి మా ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళి నా పొయ్యి రాజేసింది. మీ బావ సిగ్గుపడి అరుగు మీదికి మారాడు. ఇప్పటికీ అక్కడే, దోమలతో.

శుక్రవారం వచ్చింది. సంత అయింది. రెండు జట్లూ రోడ్డు మీదికొచ్చాయి. ఈసారి చేతుల్లో తుప్పు పట్టినవి కావు. నేను జోగులు గుమ్మంలో కూర్చున్నాను, అది సత్యం గుమ్మంలో కూర్చుంది. "తప్పుకో అమ్మా" అని ఇటు వీడు, అటు వాడు. మేం కదల్లేదు. ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. ప్లాంటు సైరను మోగింది. వెనక నిలబడ్డవాడొకడు డ్యూటీకి టైమైందన్నాడు. ఒక్కొక్కడే జారుకున్నాడు. ఆఖరికి సత్యం, జోగులు మిగిలారు. వాళ్ళూ పోయారు.

గెలిచామనుకోకు. చువ్వలు ఎవరూ ఇవ్వలేదు. సత్యం మంచం కింద అవి ఉన్నాయి, ఆ మంచం మీద నా నేస్తం పడుకుంటోంది. జోగులువి అటక మీద ఉన్నాయి, దాని కింద నేను పడుకుంటున్నాను. పేపరు చప్పుడైనా ఉలిక్కిపడి లేస్తున్నాను. సత్యం దాని చేతి కూర తిని చిక్కిపోయాడు, ఉప్పు ఎక్కువేస్తుంది మహాతల్లి. నా ఇల్లు నాకెదురుగా కనబడుతోంది, వెళ్ళలేకపోతున్నాను. ఎన్నాళ్ళిలా?

నీ చేతి రాత చూసేదాకా నాకు నిద్ర లేదు. సొంతంగా రాయి.

అప్ప

*

మద్రాసు,
డిసెంబరు 9

అప్పా,

సొంతంగా రాయమన్నావు. ఇది సొంతమే. ఎడం చెయ్యి. నాలుగు రోజులు పట్టింది. కుడి చెయ్యి మణికట్టు నుంచి లేదు. ఇది ఆస్పత్రి. అబద్ధం చెప్పాను.

రోడ్డు కింద మందుపాతర పెట్టారు. ముందు జీపు వాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ రోజే ఎదురుకాల్పుల్లో ఆ సన్న మీసం కుర్రాడు పోయాడు. జేబులో మన బిస్కట్ కాగితం ఉంది.

నవ్వాను కదా ఆ తుప్పు చూసి. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నీ ఉత్తరం కనకరత్నం చేత చదివించుకున్నాను. వార్డంతా విన్నారు. అమ్మల్ని మార్చుకున్నారా అని ఒక సుబేదారు మళ్ళీ మళ్ళీ అడిగాడు. మాకు ఎవరికీ తట్టలేదు అన్నాడు.

ఇరవయ్యో తారీఖు మద్రాసు మెయిల్లో వస్తున్నాను. సత్యం తుపాకీ ఎలా ఉంటుంది మామా అని అడిగేవాడు. వాడికి ఈ చెయ్యి చూపించాలని ఉంది. చూపించాలంటే భయంగానూ ఉంది. పెట్టె నేను ఎత్తలేను.

నేను ఏ వరసలో దిగాలి?

గవర్రాజు

*

గాజువాక,
డిసెంబరు 14

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఏడవడం అయ్యాక రాస్తున్నాను.

ఇది అరుగు మీద చదవొద్దని నువ్వు రాయలేదు. మీ బావ కాగితం నా చేతికిచ్చేశాడు, కాబట్టి నేనే చదివాను. అరుగు మీద కాదు, నడిరోడ్డు మీద స్టూలు వేసుకుని. రెండు వరసలూ వచ్చాయి. నాలుగు రోజులు పట్టిందన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ వంకర అక్షరాలున్న కాగితం సత్యం చేతికిచ్చి, మిగతాది నువ్వు చదవరా అన్నాను. వాడు చదివాడు. జేబులో బిస్కట్ కాగితం దగ్గర ఉత్తరం దించేశాడు. మిగిలింది జోగులు తీసుకుని చదివాడు. ఈసారి ఒక్కడూ నవ్వలేదు.

చదివాక సత్యం ఇంట్లోకి వెళ్ళి, "పెద్దమ్మా, మంచం దిగు" అన్నాడు లోపల కూర్చుని విన్న నా నేస్తంతో. జోగులు అటక ఎక్కాడు. వాళ్ళని చూసి తక్కినవాళ్ళూ కదిలారు. ఎస్సైని పిలవలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. చువ్వలు మోసుకెళ్ళి, ప్లాంటువి ప్లాంటు గేటు పక్కన పారేసి వచ్చారు. అన్నీ ఇచ్చారా అని అడుగుతావు. ప్రమాణం చెయ్యలేను. వెళ్ళి ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశాను. దేనికీ తుప్పు లేదు.

ఏ వరస అని అడిగావు. మేమిద్దరం ఇంకా ఇళ్ళు మారలేదు. మరికొన్నాళ్ళు ఇలాగే ఉందామని నా నేస్తం అంది, నాకూ ధైర్యం చాలడం లేదు. నువ్వు ఎటు దిగినా చాప పరిచే ఉంటుంది.

పెట్టె సంగతి దిగులు పెట్టుకోకు. స్టేషనుకి సత్యం, జోగులు వస్తున్నారు. నాలుగు చేతులు. నాలుగూ ఖాళీవే.

అప్ప